ఆదివారం నాటి రెండు చుక్కలు

పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ, మొత్తం పద్దెనిమిది మంది. అందులో నలుగురు మన కేజీఎఫ్ పిల్లలే, తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు. పిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక ధర్మసంస్థకు కంపెనీ సిబ్బంది అంతా కలిసి సాయంగా నిలబడాలని అనుకుంటున్నారట. "మన ఊళ్ళో ఇలాంటిది ఇంతకుముందు జరిగిందా? ఏం చేస్తే ఉపయోగం?" అని అడిగారు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మన ఊళ్ళో పిల్లల ఆరోగ్యం మొదట్నుంచీ కంపెనీ చేతిలోనే ఉండేది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చాక ఖాళీ నేల మీద ఊరు పుట్టింది. 1901 జనాభా లెక్కలకే 38 వేలు దాటింది. చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు వచ్చి లైన్లలో కిక్కిరిసి బతికారు. శివనసముద్రం కరెంటు గురించి ఇదివరకే చాలాసార్లు రాశాం, దాన్ని వదిలేద్దాం. మనకు కావలసింది ఆసుపత్రి సంగతి. నాన్నకు మైనులో ఉద్యోగం ఉంటే ఇంటిల్లిపాదికీ కంపెనీ ఆసుపత్రి ఉన్నట్టే. కాన్పయినా, జ్వరమైనా, చెవిపోటయినా అక్కడికే. మనలో సగం మంది పుట్టింది అక్కడే కదా! అదే కంపెనీ గనిలో నాన్నల ఊపిరితిత్తులకు రాతిదుమ్ము ఏం చేసిందన్నది ఇంకో కథ. దాన్ని మరిచిపోయి ఆసుపత్రిని మాత్రమే పొగడటం మాకు ఇష్టం లేదు. కానీ పిల్లకు ఒళ్ళు కాలితే డబ్బు లెక్క చూసుకోకుండా ఎత్తుకుని పరిగెత్తడానికి ఒక చోటు ఉండేది, అది నిజం. ఆ చోటు నాన్న ఉద్యోగంతో వచ్చింది. ఉద్యోగంతోనే పోతుందని అప్పుడు ఎవరం ఆలోచించలేదు.

ఇక ఉద్యోగానికీ హోదాకీ సంబంధం లేకుండా మామూలు జనం పిల్లల కోసం బయటికొచ్చింది ఎప్పుడంటే, పోలియో ఆదివారాల్లో. రోటరీ క్లబ్బులవాళ్ళు 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు పోలియో చుక్కలు వేయించారు. అది చూసి 1985లో పోలియోప్లస్ అని ప్రపంచమంతటికీ పథకం పెట్టారు. రోటరీలో ఉండేది ఎవరు? అంగడి యజమానులు, డాక్టర్లు, లాయర్లు, చిన్న ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళు. వాళ్ళు డబ్బులిచ్చి ఊరుకోలేదు, వాళ్ళూ వాళ్ళ మనుషులూ బూతుల దగ్గర నిలబడ్డారు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియోను లేకుండా చేస్తామని తీర్మానించేనాటికి 125 దేశాల్లో ఏడాదికి మూడున్నర లక్షల మంది పిల్లలు దాని బారిన పడుతున్నారు. మన దేశంలో పల్స్ పోలియో మొదలైంది 1995 డిసెంబర్ 9న, రెండో విడత 1996 జనవరి 20న. మొదటి ఏడు మూడేళ్ళలోపు పిల్లలకే వేశారు, తర్వాత అయిదేళ్ళకు పెంచారు.

చుక్కలు వెయ్యడం ఎవరికైనా అరగంటలో నేర్పచ్చు. కష్టమంతా చుట్టూ ఉన్న పనిలోనే. మందు ఐసు పెట్టెలోంచి బయట పెట్టి మరిచిపోతే పనికిరాదు. సీసా మీద వలయం మధ్యలో చిన్న చతురస్రం ఉంటుంది. అది వలయం రంగుకు వచ్చిందంటే ఆ సీసా పారెయ్యాలి. చుక్కలు వేసిన బిడ్డకు ఎడమచేతి చిటికెన వేలి మీద ఇంకు గుర్తు పెట్టాలి. ఆదివారం సాయంత్రానికి బూతు ఎత్తేసినా పని అవ్వదు. సోమవారం నుంచి ఇల్లిల్లూ తిరిగి తలుపు పక్కన సుద్దముక్కతో రాయాలి. పిల్లలందరికీ వేసిన ఇంటికి ఒక గుర్తు, ఎవరైనా మిగిలిపోయిన ఇంటికి ఇంకో గుర్తు. మళ్ళీ రావలసింది ఆ రెండో గుర్తు ఇళ్ళకే. మన ఊళ్ళో అయితే ఒక లైనులో తెలుగు, పక్క లైనులో తమిళం, ముందు వీధిలో ఉర్దూ, ఆఫీసు కాగితం కన్నడంలో. ఇరుగుపొరుగు భాష వచ్చినవాడు పక్కన లేకపోతే బయటి నర్సుకు తలుపు తియ్యరు. ఇక్కడే వాలంటీరుకు విలువ.

ఈ విడతలు జరుగుతుండగానే, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. అప్పుడే మనవాళ్ళు వేలమంది బెంగళూరు రైళ్ళకు అలవాటు పడ్డారు. వారానికి ఆరు రోజులు రైల్లో, చేతిలో మిగిలేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారాన్ని బూతుకు ఇవ్వడమంటే చిన్న విషయం కాదు. పైగా 2003లో కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలియో మళ్ళీ తల ఎత్తింది. ముళబాగిలు, శ్రీనివాసపురం దాటితే అప్పట్లో చిత్తూరు జిల్లా. అమ్మమ్మ ఇంటికి వెళ్ళిన బిడ్డ ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది? అందుకే బస్టాండుల్లో, రైలు స్టేషన్లలో కూడా చుక్కలు వేశారు. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో కనిపించింది. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది.

ఇంత మంచి కథ కాబట్టే ఒక పొరపాటు చేస్తుంటాం. ఆదివారం క్యాంపు పెడితే అన్నీ అయిపోతాయనుకుంటాం. పోలియోకు ఆ పద్ధతి పనికొచ్చింది, ఎందుకంటే మందు రెండు చుక్కలు, బిడ్డ ఎక్కడున్నా వెయ్యచ్చు. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు, నడక రాని బిడ్డకు ఆదివారం క్యాంపులో దొరికేది ఒక చీటీ మాత్రమే. అసలు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బళ్ళలో పిల్లల్ని పరీక్ష చేస్తూనే ఉన్నారు. చీటీలకు కొదవ లేదు. ఆ చీటీ పట్టుకుని తల్లి కోలారుకో, బెంగళూరులో జయదేవకో, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రికో పోవాలి. రోజు కూలి పోతుంది, ఏ కౌంటరు దగ్గర నిలబడాలో తెలియదు, ఒకసారి తిరిగొస్తే రెండోసారి పోదు. వెనకటి కంపెనీ ఆసుపత్రి ఊళ్ళోనే ఉండేది కాబట్టి ఈ బాధ మన అమ్మలకు తెలియదు.

కాబట్టి ఆ పద్దెనిమిది మందికి మేం చెప్పేది ఇది. క్యాంపు వద్దు, బ్యానరు అసలే వద్దు. ధర్మసంస్థను అడిగి చీటీ చేతికొచ్చినా ఆసుపత్రికి పోని పిల్లల పేర్లు తీసుకోండి. ఒక్కొక్కరు ఒక్క బిడ్డను పట్టుకుని, చికిత్స అయ్యేదాకా తోడుగా పొండి. చిక్కు ఎక్కడంటే, ఆసుపత్రి ఓపీలు మామూలు రోజుల్లోనే, మీ సెలవు ఆదివారమే. 500 కోట్ల ఆస్తో, 1000 కోట్ల వ్యాపారమో, 5 కోట్ల లాభమో ఉన్న కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2014 నుంచి చట్టం ఉంది. మీ కంపెనీకి అది వర్తించదు, ఎవరూ బలవంతం చెయ్యరు. మీ యజమానిని డబ్బు అడక్కండి, మనిషికి నెలకు ఒక పనిదినం అడగండి.

అడిగారట. ఆలోచించి చెబుతానన్నాడట ఆయన. ఆ నలుగురూ వచ్చే ఆదివారం పదింటికి రాబర్ట్‌సన్‌పేటలో మనల్ని కలుస్తామన్నారు. కన్నడ ఫారాలు నింపడం వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు రండి.