పత్తి దున్నినందుకు పైకం

ఎదిగిన పత్తిని దున్నివేస్తే సర్కారు డబ్బిస్తుందంటే మీరు నమ్ముతారా? 1933 వేసవిలో అమెరికాలో అదే జరిగింది. ముందటి ఏడు పౌను పత్తి ఆరు సెంట్లకు దిగజారింది. పంట తగ్గితేగాని ధర లేవదని తలచి, ప్రభుత్వం సుమారు కోటి ఎకరాలు దున్నించి పైకం చెల్లించింది. సాళ్ల నడుమ నడవడం మరిగిన కంచరగాడిదలు మొక్కలు తొక్కడానికి మొరాయించాయని చెప్పుకుంటారు!

మరి ఆ పైకం ఎవరికి ముట్టింది? ఆర్కన్సాస్ రాష్ట్రంలో పాయిన్సెట్ కౌంటీ చూడండి. కౌంటీ అంటే మన వెనుకటి తాలూకా వంటిదనుకోండి. అక్కడ భూమి ఒకరిది, చాకిరీ పాలుకు చేసేవారిది. 1934, 35 ఒప్పందాలలో బీడు పెట్టిన నేలకు బాడుగ భూస్వామికే వచ్చేది. కౌలుదారు వాటాను పాతబాకీ కింద జమకట్టుకున్నవారూ ఉన్నారు. సాగు తగ్గాక మనుషులెందుకని కొందరిని వెళ్లగొట్టారు. కౌలుదార్లను తీసివేయరాదనే షరతు లేకపోలేదు. దానికి ముందున్న ‘వీలైనంతవరకు’ అనే మాటే కొంప ముంచింది.

1934 జూలైలో టైరోంజా ఊరి దగ్గర నల్లవారు, తెల్లవారు కలిసి పద్దెనిమిదిమంది కౌలుదార్ల సంఘం పెట్టారు. ఆ రోజులలో అది చిన్న సాహసం కాదు. పంట ఏ పాళ్లలో పంచుకుంటారో పైకమూ ఆ పాళ్లలోనే పంచాలని 1938 చట్టంలో వ్రాశారు. అప్పటికే ఎందరో గుడిసెలు ఖాళీచేసి పోయారు.