తెర మాట్లాడిన చరిత్ర: పాత లాప్‌టాప్ ఒక చదువు ఎలా అవుతుంది?



డిగ్రీ అయిపోయిన అన్నల ఇళ్లలో, హాస్టల్ గదుల్లో పాత లాప్‌టాప్‌లు మూలన పడి ఉంటాయి. తెర మసకబారిందనో, గీతలు పడ్డాయనో పక్కన పెట్టేస్తాం. కానీ చూపులేని విద్యార్థికి తెర ఎలా ఉన్నా ఒకటే. కీబోర్డు, స్పీకరు బాగుంటే చాలు, ఆ మిషను చదివి వినిపిస్తుంది. ఈ మాట మనం ఇవాళ ఇంత తేలిగ్గా అంటున్నామంటే దాని వెనక 40 ఏళ్ల పని ఉంది. అందులో చాలా భాగం చూపులేనివాళ్లే చేసుకున్నారు. మన చరిత్ర మనమే రాసుకోవాలి అనే మనకి, తమ పనిముట్టు తామే తయారుచేసుకున్న వాళ్ల చరిత్ర తెలిసి ఉండాలి.

ఈ దారి వేసిన మొదటివాడు లూయీ బ్రెయిలీ. ఫ్రాన్స్‌లో గుర్రపు జీనులు కుట్టే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే చూపు పోయింది. 1824 నాటికి, 15 ఏళ్ల వయసులో ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. తెలుగుతో సహా మన దేశ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లో వచ్చింది. అయితే బ్రెయిలీ పుస్తకం లావు, బరువు. అచ్చు వేయడానికి ఖర్చు. మామూలు పుస్తకాల్లో కొద్ది భాగమే బ్రెయిలీలోకి వస్తుంది.

1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ అచ్చు పేజీని స్కాన్ చేసి గొంతుతో చదివే యంత్రాన్ని బయటపెట్టాడు. పెద్ద యంత్రం, పెద్ద ధర. తర్వాత ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఐబీఎంలో జిమ్ థాచర్, చూపులేని తన సహోద్యోగి జెస్సీ రైట్ అవసరం చూసి, డాస్ తెరను చదివే ప్రోగ్రాం రాశాడు. అది 1986లో ‘స్క్రీన్ రీడర్’ పేరుతో బయటికొచ్చింది. ఆ పేరే ఇప్పుడు ఇలాంటి ప్రోగ్రాములన్నిటికీ వాడుతున్నాం. టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ రేసులు నడిపేవాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. కంప్యూటర్ నేర్చుకుని, కంపెనీ పెట్టి, 1989లో ‘జాస్’ తెచ్చాడు. మన దేశం నుంచి వెళ్లిన టీవీ రామన్‌కి 14 ఏళ్లకు చూపు పోయింది. ఆయన 1990ల మధ్యలో ‘ఈమాక్‌స్పీక్’ రాసి ఉచితంగా ఇచ్చాడు.

డాస్ కాలంలో తెర మీద ఉన్నవి అక్షరాలే. ప్రోగ్రాం వాటిని మెమరీలోంచి తీసి చదివేది. విండోస్ వచ్చాక తెరంతా బొమ్మలైంది. బటన్ ఎక్కడుందో, దాని మీద ఏం రాసి ఉందో పట్టుకోవడం చాలా కష్టమైంది. జాస్ ఆ గట్టు దాటింది గానీ ధర వెయ్యి డాలర్లకు అటూ ఇటూ ఉండేది. అంటే కంప్యూటర్ కంటే కంప్యూటర్‌ని వినడానికే ఎక్కువ పెట్టాలి. పేద దేశాల విద్యార్థులకి తలుపు అక్కడే మూసుకుపోయింది.

ఆ తలుపు తీసింది ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కర్రన్. చూపులేని ఆయన 2006లో ‘ఎన్‌వీడీఏ’ రాయడం మొదలుపెట్టాడు. చూపులేని పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమీ టే తోడయ్యాడు. చూసేవాళ్లు తెర చూడ్డానికి అదనంగా డబ్బు కట్టరు కదా, మరి మేమెందుకు కట్టాలి? వాళ్ల వాదన ఇదే. అందుకే ఎన్‌వీడీఏ ఇప్పటికీ ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, అనువాదం చేయొచ్చు. దానితో వచ్చే ‘ఈస్పీక్’ గొంతు తెలుగు కూడా చదువుతుంది. గొంతు కొంచెం మరమనిషిలా ఉంటుంది, వారం రోజుల్లో చెవికి అలవాటవుతుంది.

ఇక పని సంగతి. 2 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద కూడా ఎన్‌వీడీఏ నడుస్తుంది. విండోస్ 7 ఉంటే ఎన్‌వీడీఏ 2023.3.4 వరకే పనిచేస్తుంది, 2024 నుంచి వచ్చినవి ఎక్కవు. విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు 2020లోనే ఆగిపోయాయి కాబట్టి దాని మీద బ్యాంకు పనులు వద్దు. లైనక్స్ వేస్తే ‘ఓర్కా’ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సైన్ ఇన్ తెర దగ్గరే ఎన్‌వీడీఏ మొదలయ్యే ఆప్షన్ తప్పకుండా పెట్టండి. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి ఆ విద్యార్థి ఎవర్నీ పిలవకుండా పని చేసుకోగలగాలి, అసలు విషయం అదే. ఇన్‌సర్ట్, కంట్రోల్, వీ కలిపి నొక్కితే గొంతు సెట్టింగులు వస్తాయి. తెలుగు గొంతు, వేగం అక్కడే మార్చొచ్చు. కంట్రోల్ నొక్కితే మాట ఆగుతుంది. మొదటి పాఠం ఇన్‌సర్ట్, 1. అది నొక్కాక ఏ కీ ముట్టుకున్నా దాని పేరు చెబుతుంది, ఏ పనీ జరగదు. ఎఫ్, జే కీల మీదున్న చిన్న గీతలు వేలికి చూపించి వదిలేయండి. మౌస్ పక్కన పెట్టేయండి.

మిషను సిద్ధమైనా ఇంకో గోడ ఉంది, అది అక్షరం. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లీషు అక్షరాల గుంపు. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని మాటల్లా చదువుతుంది. ఫొటో తీసి పెట్టిన నోట్సుని చాలాసార్లు ‘చిత్రం’ అని చెప్పి ముందుకెళ్లిపోతుంది. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగునే అది తెలుగుగా చదువుతుంది.

మన భాషల సంగతి ఇంకా ముఖ్యం. మసరం గోండి లిపి 2017లో, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. అది పెద్ద గెలుపే. కానీ లిపికి చోటు దొరకడం వేరు, దానికి గొంతు దొరకడం వేరు. ఈస్పీక్‌లో గోండి గొంతు లేదు, కోయ గొంతు లేదు. అయినా తెలుగు లిపిలో యూనికోడ్‌తో రాసిన కోయ, గోండి మాటల్ని తెలుగు గొంతు ఇవాళే పలుకుతుంది. యాస తేడా ఉంటుంది, మాట అందుతుంది. ఈస్పీక్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. కొత్త భాషల ఉచ్చారణ నియమాలు జనం రాసి ఇచ్చారు. కంప్యూటర్ సైన్సు చదువుతున్న మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ పని ఎందుకు చేయకూడదు?

అచ్చు పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడం నేరమేమో అని భయం వద్దు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వికలాంగుల కోసం ఆ వెసులుబాటు ఇచ్చారు. చూపులేనివారికి పుస్తకాలు అందాలన్న మర్రకేష్ ఒప్పందం 2013లో జరిగితే, దాన్ని అందరికంటే ముందు 2014లో ఆమోదించింది మన దేశమే.

కాబట్టి ఈ సెలవుల్లో రెండు పనులు పెట్టుకుందాం. ఊళ్లో, హాస్టల్లో మూలనున్న లాప్‌టాప్‌లు లెక్క తీసి, చూపులేని విద్యార్థి ఎవరున్నారో కనుక్కుని, సిద్ధం చేసి చేతికిద్దాం. పోటీ పరీక్షల నోట్సు, మన పెద్దలు చెప్పిన కథలు యూనికోడ్‌లో టైప్ చేసి గ్రూపులో పెడదాం. మన కథలు పుట్టింది చెవి కోసమే కదా. మళ్లీ చెవికే అందిద్దాం.

జై ఆదివాసీ.