తండ్రి చూపించిన తీరం

పోయిన చలికాలం, అమావాస్య మర్నాడు మధ్యాహ్నం, వైజాగ్‌లో ఉండే ఒక స్నేహితుడు నన్ను ఊరికి దూరంగా రాళ్ళున్న ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఆటు వేళ. నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళ మధ్య చిన్న చిన్న గుంటలు బయటపడ్డాయి. ఒకదాంట్లో నాలుగైదు సీ ఎనిమోన్లు పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి. పక్కనే గవ్వని ఇల్లుగా మోసుకుంటూ ఒక పీత. ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్ జోడిస్తుంటే వాడు నా ఫోన్ మీద చెయ్యి పెట్టాడు. "ఫోటో పెట్టుకో. చోటు మాత్రం చెప్పకురా." నాకు చిరాకేసింది. అదేమన్నా వాడి తాతల నాటి చెరువా?

ఆ చిరాకుతోనే ఎడ్మండ్ గాస్ 'ఫాదర్ అండ్ సన్' (1907) మళ్ళీ తీశాను. మామూలుగా ఆ పుస్తకాన్ని మతానికి కట్టుబడ్డ తండ్రికీ, సాహిత్యం వైపు జారిపోయిన కొడుక్కీ మధ్య ఘర్షణగా చదువుతాం. కాలేజీ రోజుల్లో నేనూ అలాగే చదివాను. ఈసారి మాత్రం సముద్రపు ఒడ్డు గురించి రాసిన కొన్ని పేజీల దగ్గర ఆగిపోయాను.

తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ (1810–1888) కాలేజీ గడప తొక్కినవాడు కాదు. పదిహేడేళ్ళకే న్యూఫౌండ్‌లాండ్‌లో గుమాస్తా. తర్వాత కెనడాలో వ్యవసాయం, అలబామాలో బడిపంతులుగిరీ, జమైకాలో పక్షుల వేట. ఇంగ్లండు తిరిగొచ్చి, పుస్తకాలు రాసి రాసి ఒళ్ళు పాడుచేసుకుని, 1852లో గాలి మార్పు కోసం భార్యాబిడ్డలతో డెవన్ తీరానికి వెళ్ళాడు. అక్కడి ఇల్‌ఫ్రాకోంబ్‌ దగ్గర సముద్రం అమావాస్యకీ పున్నమికీ తొమ్మిది మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. మన వైజాగ్‌లో అది రెండు మీటర్లు కూడా ఉండదు. మనకి గట్టు దిగినట్టుండేది అక్కడ మూడంతస్తుల మేడ దిగినట్టుంటుందన్నమాట. అంత మేడ దిగాక కింద బయటపడే ప్రపంచాన్ని గాస్ సుత్తీ ఉలీ పట్టుకుని, రాళ్ళ మధ్య బోర్లా పడుకుని చూశాడు. 1853లో ఆ తీరం మీద పుస్తకం వచ్చింది. 1854లో 'ది అక్వేరియం' వచ్చింది. ఇవాళ మనం చేపల తొట్టెకి వాడే ఆ మాటని జనం నోట్లో పెట్టింది ఈయనే.

దీనికి రంగం ముందే సిద్ధమై ఉంది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు. రైళ్ళు ఒక్కొక్క తీరానికే చేరుతున్నాయి. మొక్కలూ జీవులూ ఒకే తొట్టెలో ఉంటే నీళ్ళు చెడిపోకుండా నిలుస్తాయని 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. అంతకు ముందే, 1846లో, ఆనా థిన్ అనే ఆవిడ లండన్ ఇంట్లో పగడాల్ని బతికించింది. వాటికి గాలి అందాలని నీళ్ళని పైనుంచి ధారగా పోసే పని మాత్రం పనిమనిషిది. (ఎవరి పేరు మిగిలిందో చెప్పక్కర్లేదు.) 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. దానికి జీవుల్ని పంపినవాళ్ళలో గాస్ ఒకడు. ఇక ఆ తర్వాత పూనకమే. 1855లో చార్ల్స్ కింగ్స్‌లీ గాస్‌ని పొగుడుతూ 'గ్లాకస్' రాశాడు. 1856లో, అప్పటికింకా ఒక్క నవలైనా రాయని జార్జ్ ఎలియట్, జార్జ్ హెన్రీ లూయిస్‌తో కలిసి జాడీలు పట్టుకుని ఇల్‌ఫ్రాకోంబ్‌ రాళ్ళమీద తిరిగింది. లండన్‌లో బతికున్న సముద్ర జీవుల్ని అమ్మే కొట్లు వెలిశాయి. ఒడ్డుకి దూరంగా ఉన్నవాళ్ళ కోసం ఉప్పునీళ్ళు ఇంట్లోనే కలుపుకునే పద్ధతి కూడా గాసే రాసిపెట్టాడు.

1857 ఆయనకి చెడ్డ సంవత్సరం. ఫిబ్రవరిలో భార్య ఎమిలీ రొమ్ము కాన్సర్‌తో పోయింది. అదే ఏడు 'ఓంఫలోస్' అచ్చయింది. దేవుడు సృష్టించేటప్పుడే శిలాజాలతో సహా, పాతబడినట్టు కనిపించే లోకాన్ని సృష్టించాడని ఆయన వాదన. కొత్త డేటాబేస్‌లో పాత తేదీలతో లాగ్‌లు నింపినట్టు! ఇటు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, అటు కింగ్స్‌లీ లాంటి మిత్రుడికీ మింగుడుపడలేదు. ఆ దెబ్బ తిన్న మనిషి ఎనిమిదేళ్ళ కొడుకుని తీసుకుని మళ్ళీ డెవన్‌కే, సెయింట్ మేరీచర్చ్‌కి, వెళ్ళిపోయాడు. 'ఫాదర్ అండ్ సన్'లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఇంట్లో ప్రార్థనలు, పాపభీతి. ఒడ్డున మాత్రం ఇద్దరూ ఒకే గుంటలోకి వంగి చూసే స్నేహితులు. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్లాడు అంతవరకూ ఎవరూ నమోదు చెయ్యని ఒక సీ ఎనిమోన్‌ని పట్టుకున్నాడు.

యాభై ఏళ్ళ తర్వాత ఎడ్మండ్ ఆ ఒడ్డు గురించి రాసింది చదివితే గొంతు పట్టేస్తుంది. ఆ గుంటలు ఇప్పుడు లేవంటాడు. ఎన్నో వేల ఏళ్ళు ఎవరూ ముట్టుకోనిదాన్ని, తండ్రి పుస్తకాలు చదివి ఉత్సాహంగా వచ్చిన జనం ఊడ్చుకుపోయారంటాడు. తాను చేసింది తెలిసొచ్చి తండ్రి బాధపడ్డాడని కూడా చెబుతాడు.

ఎడ్మండ్ మాటని పూర్తిగా నమ్మక్కర్లేదు. 2002లో వచ్చిన ఫిలిప్ గాస్ జీవితచరిత్రలో ఆన్ త్వైట్, కొడుకు గీసిన తండ్రి బొమ్మ చాలాచోట్ల వంకర అని చూపించింది. బాల్యంతో పాటు పోయినవాటన్నిటినీ ఆ గుంటల ఖాతాలో రాశాడేమో అని నాకూ అనుమానం. కానీ తండ్రి పుస్తకాల్లో ఒక సంగతి మాత్రం ఎవరైనా చూడొచ్చు. ఏ జీవి ఏ ఊళ్ళో, ఏ రాళ్ళ దగ్గర దొరుకుతుందో పేర్లతో సహా రాశాడు. 1858–60 మధ్య వచ్చిన సీ ఎనిమోన్ల గ్రంథంలోనైతే ప్రతి జాతికీ ఊళ్ళ జాబితా ఉంది. లొకేషన్ పిన్‌లే కదా.

అయినా నాకు అసలు తప్పు పిన్‌లో కాదు, ఉలిలో ఉందనిపిస్తుంది. గాస్ నేర్పిన చూపులో చూడ్డమంటే ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం. తొట్టె లేనిదే ఆ అందం ఎవరికీ అందదని నిజాయితీగానే నమ్మాడు. తెచ్చుకున్న వాళ్ళందరికీ వారింగ్టన్ చెప్పిన సమతూకం కుదరలేదు. చచ్చినవాటి చోటులోకి కొత్తవి తేవడానికి మళ్ళీ ఒడ్డుకి వెళ్ళారు. మేం తెచ్చుకున్నది ఫోటోయే కాబట్టి మా చేతులు శుభ్రం అనుకున్నాను కాసేపు. తర్వాత ఆ రోజు చెప్పులతో ఎన్ని రాళ్ళమీద నడిచానో, ఏం తొక్కానో గుర్తుచేసుకుంటే లెక్క తేల్లేదు.

ఫోటో పెట్టాను. పెట్టేముందు ఫైల్లో దాక్కున్న అక్షాంశ రేఖాంశాలు కూడా తీసేశాను. ఎక్కడిదని ముగ్గురు అడిగారు. ఇద్దరికి నవ్వు ఇమోజీ పంపాను. మూడో మనిషి మా అక్క కూతురు, ఎనిమిదో తరగతి. వచ్చే అమావాస్యకి రా, నేనే తీసుకెళ్తా, బకెట్ మాత్రం తేవద్దు అని చెప్పాను.