ఆటను తిరగరాసిన ఆటగాళ్లు: ‘అసాసిన్స్ క్రీడ్’ పద్ధెనిమిదేళ్ల ప్రస్థానం

2007 నవంబరులో ‘అసాసిన్స్ క్రీడ్’ మొదటి గేమ్ వచ్చినప్పుడు ఆడినవాళ్లు ఒకే ఊపిరిలో రెండు మాటలన్నారు. ఊళ్లు అద్భుతం, పని మాత్రం చేసిందే మళ్లీ మళ్లీ చేయాలి. 2025 మార్చిలో అదే సిరీస్‌లో ‘షాడోస్’ వచ్చినప్పుడూ చాలామంది నోట వినిపించినవి ఇంచుమించు ఆ రెండు మాటలే. ఈ రెండు గేముల మధ్యకాలంలో యూబీసాఫ్ట్ సంస్థ డజను పెద్ద గేములు తెచ్చింది. 2022 నాటికే ఈ సిరీస్ 20 కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. క్రూసేడుల నాటి జెరూసలేం నుంచి క్లియోపాత్రా ఈజిప్టు, విప్లవకాలపు పారిస్ దాకా ఆటగాళ్లను తిప్పింది. ఈ ప్రయాణాన్ని తయారీదారుల వైపు నుంచి కాక ఆడినవాళ్ల వైపు నుంచి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ప్రతి గేమూ దాని ముందు గేమ్ మీద వచ్చిన ఫిర్యాదుకు జవాబు. ప్రతి జవాబూ ఇంకో ఫిర్యాదుకు పునాది.

రాకుమారుడి కథలోంచి హంతకుడి కథ

ఈ సిరీస్ అసలు వేరే గేమ్‌కు కొనసాగింపుగా మొదలైంది. యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో 2003లో తెచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్’ బాగా పేరు తెచ్చుకుంది. దాని తర్వాతి భాగంగా రాకుమారుణ్ణి కాపాడే ఒక హంతకుడి కథను పాట్రిస్ డెసిలే బృందం మొదలుపెట్టింది. రాకుమారుడు హీరోగా లేని గేమ్‌కు ఆ పేరు పెట్టడం కుదరదనేసరికి అదే కొత్త సిరీస్ అయింది. స్లొవేనియా రచయిత వ్లాదిమిర్ బార్తోల్ 1938లో రాసిన ‘అలముత్’ నవల దానికి ప్రేరణ.

మొదటి గేమ్‌లో కాలం 1191, మూడో క్రూసేడు. హీరో అల్తాయిర్ డమాస్కస్, ఆకర్, జెరూసలేం వీధుల్లో తిరుగుతూ తొమ్మిది మందిని మట్టుబెట్టాలి. ఏ గోడ కనిపించినా ఎక్కేయొచ్చు. ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైన గోపురం కొసకు చేరితే కెమెరా చుట్టూ తిరిగి ఊరంతా చూపిస్తుంది. అక్కణ్ణుంచి రెండు చేతులూ చాచి కిందనున్న గడ్డిబండిలోకి దూకేయాలి. ఆ దూకడమే ఈ సిరీస్‌కు ముద్ర అయిపోయింది. పైగా ఇదంతా డెస్మండ్ మైల్స్ అనే నేటికాలపు కుర్రాడు యానిమస్ అనే యంత్రంలో పడుకుని చూస్తున్న పూర్వీకుడి జ్ఞాపకమని మెలిక పెట్టారు.

ఆటగాళ్లకు ఊళ్లు నచ్చాయి, పాతకాలపు హత్యలు నచ్చాయి. విసిగించింది హత్యకు ముందు తంతు. ప్రతిసారీ ఒక బల్ల మీద కూర్చుని ఎవరి మాటలో చాటుగా వినడం, ఒకడి జేబు కొట్టడం, ఒకణ్ణి కొట్టి నిజం కక్కించడం. వీటికితోడు ఊళ్ల నిండా వందలకొద్దీ జెండాలు దాచిపెట్టారు. ఓపిగ్గా అన్నీ ఏరినవాళ్లకు కథలో దక్కేది సున్నా. డెస్మండ్ భాగాలు వచ్చినప్పుడల్లా మంచి నిద్రలోంచి లేపినట్టుందని కొందరు తిట్టుకుంటే, అసలు కథ అదే కదా అని కొందరు పట్టుబట్టారు. ఈ తగువు నేటికీ తెగలేదు.

ఎజియో: కొలబద్దగా మారిన హీరో

2009లో వచ్చిన రెండో భాగం ఆ ఫిర్యాదుల జాబితాను ముందు పెట్టుకుని తయారుచేసినట్టే ఉంటుంది. మిషన్లలో వైవిధ్యం వచ్చింది, సంపాదించిన డబ్బుతో సొంత ఊరిని బాగుచేసుకునే పని వచ్చింది. ముఖ్యంగా, మనసుకు పట్టే మనిషి దొరికాడు. ఎజియో ఆడిటోరె ఫ్లారెన్స్‌లో పుట్టిన క్షణం నుంచి ఆటగాడి చేతుల్లోనే ఉంటాడు. అల్లరిచిల్లరగా తిరిగే కుర్రాడు తండ్రినీ అన్నదమ్ముల్నీ ఉరికంబం మీద పోగొట్టుకుని హంతకుడవుతాడు. లియోనార్డో డావించి అతని స్నేహితుడు, ఆయుధాలు బాగుచేసిపెట్టే నిపుణుడూను. చివర పోప్ ఆరో అలెగ్జాండర్‌తో పిడిగుద్దుల పోరాటం. చరిత్రను గౌరవిస్తూనే దానితో ఇంత చిలిపిగా ఆడుకోవచ్చని ఆ ఘట్టం చూపించింది. జెస్పర్ కీడ్ కట్టిన ‘ఎజియోస్ ఫ్యామిలీ’ బాణీ తర్వాతి గేముల్లో కూడా పదేపదే వినిపిస్తుంది.

రోమ్ నగరంలో ‘బ్రదర్‌హుడ్’ (2010), కాన్‌స్టాంటినోపుల్‌లో ‘రివలేషన్స్’ (2011) ఎజియోను ముసలితనం దాకా తీసుకెళ్లాయి. ఒక మనిషి జీవితం మొత్తాన్ని మూడు గేముల్లో చూసిన ఆటగాళ్లు ఆ తర్వాత వచ్చిన ప్రతి హీరోనూ అతనితోనే పోల్చడం మొదలుపెట్టారు. అది సిరీస్‌కు వరమూ అయింది, శాపమూ అయింది.

ఆ కాలంలోనే ఆటతో సంబంధం లేని కోపం ఒకటి రగిలింది. రెండో భాగాన్ని 2010 మార్చిలో పీసీకి తెచ్చినప్పుడు, ఒంటరిగా ఆడే గేమ్‌కు కూడా నెట్ ఎప్పుడూ ఉండి తీరాలన్న షరతు పెట్టారు. నెట్ పోతే ఆట ఆగిపోయేది. విడుదలైన కొద్దిరోజులకే సంస్థ సర్వర్లు మొరాయించడంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లే ఆడలేకపోయారు. దొంగ కాపీల్ని ఆపడానికి పెట్టిన తాళం కొన్నవాడి ఇంటికే పడిందని పీసీ ఆటగాళ్లు చాలాకాలం గుర్తుపెట్టుకున్నారు.

ఏడాదికొకటి, ఆఖరికి ఎదురుదెబ్బ

2009 నుంచి ఏటా ఒక గేమ్ రావడం అలవాటైంది. 2012లో మూడో భాగం అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి వెళ్లింది. హీరో కానర్ అసలు పేరు రటొన్‌హకేటొన్, మోహాక్ తెగవాడు. ఆ తెగ సలహాదారుల సాయంతో భాషనూ ఆచారాలనూ శ్రద్ధగా చూపించారు. అయినా ఆటగాళ్లకు అందిన మొదటి అనుభవం వేరు. గంటల తరబడి కానర్ తండ్రి హేథమ్‌గానే ఆడాలి. తీరా అతను శత్రుపక్షమైన టెంప్లర్ అని తేలుతుంది. ఆ మలుపు కొందరిని కట్టిపడేసింది, కొందరు హీరో వచ్చేలోపే విసిగిపోయారు. నవ్వని, జోకులేయని కానర్‌ను ఎజియోతో పోల్చి చప్పగా ఉన్నాడన్నారు. ఊరు కాలిపోయి, తల్లిని పోగొట్టుకున్న కుర్రాడు ఎలా నవ్వుతాడని ఇప్పుడు అతని పక్షాన మాట్లాడేవాళ్లు తక్కువేమీ లేరు. డెస్మండ్ కథ కూడా ఇక్కడే అతని చావుతో ముగిసింది.

ఆ గేమ్‌లో అందరూ మెచ్చుకున్నది ఓడల పోరు. దాన్నే పట్టుకుని 2013లో ‘బ్లాక్ ఫ్లాగ్’ చేశారు. కరీబియన్ సముద్రం, 1715, ఎడ్వర్డ్ కెన్వే అనే సముద్రపు దొంగ, జాక్‌డా అనే ఓడ, అలల మీద పాటలు పాడే నావికులు. ఇది గొప్ప సముద్రపు దొంగల గేమ్ అని అందరూ ఒప్పుకున్నారు. మరి ఇది అసాసిన్స్ క్రీడేనా అన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా వినిపించింది కూడా అప్పుడే.

2014 నవంబరులో ‘యూనిటీ’ వచ్చింది. కొత్త తరం కన్సోళ్ల కోసం కట్టిన పారిస్ నగరం, వీధుల్లో వేల జనం. కానీ ఆడబోతే గేమ్ నత్తనడక నడిచింది. హీరో నేలలోంచి కిందికి జారిపోయాడు. కొన్ని పీసీల్లో మనుషుల ముఖాల మీద చర్మం మాయమై, కళ్లగుడ్లూ పళ్లూ జుట్టూ మాత్రమే గాల్లో తేలాయి. ఆ ముఖం చిత్రమే గేమ్‌కు ప్రచారచిత్రం అన్నంతగా జనంలో తిరిగింది. సంస్థ క్షమాపణ చెప్పి ‘డెడ్ కింగ్స్’ అనే అదనపు భాగాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. అంతకుముందు జూన్‌లోనే, నలుగురు కలిసి ఆడే విభాగంలో స్త్రీ పాత్ర లేదేమని అడిగితే అదనపు పని పెరుగుతుందన్న జవాబు వచ్చి విమర్శలపాలైంది. మరుసటి ఏడాది లండన్ నేపథ్యంలో వచ్చిన ‘సిండికేట్’ బగ్గులు తగ్గించుకుని, జేకబ్, ఈవీ ఫ్రై అనే కవల అక్కాతమ్ముళ్లను హీరోలుగా తెచ్చింది. ఆటగాళ్లకు ఈవీ నచ్చింది. కానీ అప్పటికే అలసిపోయారు. 2016లో పెద్ద గేమ్ రాలేదు.

ఆ ఏడాది జనవరిలో వచ్చిన చిన్న గేమ్ ఒకటి మనకు దగ్గరిది. ‘క్రానికల్స్: ఇండియా’ 1841లో సిక్కు సామ్రాజ్యంలో నడుస్తుంది. హీరో అర్బాజ్ మీర్. అతను మొదట కనిపించింది 2013 నాటి ‘బ్రాహ్మణ్’ బొమ్మల కథలో. అక్కడ కథంతా కోహినూరు చుట్టూ తిరుగుతుంది. మన కృష్ణాతీరపు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం అది. అయితే ఈ గేమ్ పక్కవాటుగా సాగే చిన్న ఆట, ఊళ్లో ఇష్టమొచ్చినట్టు తిరిగే వీలు లేదు. భారతదేశాన్ని పెద్ద గేమ్‌గా చూడాలన్న ఇక్కడి ఆటగాళ్ల కోరిక ఇంకా తీరలేదు.

పెరిగిన దేశాలు, పెరిగిన గంటలు

ఏడాది విరామం తర్వాత 2017లో ‘ఆరిజిన్స్’ వచ్చింది. క్లియోపాత్రా కాలపు ఈజిప్టు, కొడుకును పోగొట్టుకున్న మెజాయ్ బాయెక్, హంతకుల సంఘం పుట్టుక. ఇందులో ఆట స్వరూపమే మారింది. లెవెళ్లు, ఆయుధాల గ్రేడులు, ఎంచుకునే నైపుణ్యాలతో రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆర్పీజీ) అయింది. కొత్తవాళ్లు ఎగబడ్డారు. పాతవాళ్లకు ఒకటే బాధ. చాటుగా వెళ్లి గుప్తఖడ్గం మెడలో దించినా, ఎదుటివాడి లెవెల్ పెద్దదైతే వాడు చావడు. హంతకుడి గేమ్‌లో హత్య పనిచేయకపోవడమేమిటని వాళ్ల ఫిర్యాదు.

2018 నాటి ‘ఒడిస్సీ’ హీరోకు గుప్తఖడ్గమే లేదు, ఉన్నది లియోనిడాస్ ఈటె. గ్రీసు దీవులు చూసి అబ్బురపడినవాళ్లు అందులోని కథానాయిక కసాండ్రాను సిరీస్‌లోనే మంచి పాత్రల్లో ఒకటిగా చెప్పుకుంటారు. కానీ అనుభవ పాయింట్లు వేగంగా రావడానికి నిజం డబ్బు కట్టే సదుపాయం పెట్టేసరికి, గేమ్‌ను కావాలనే నెమ్మదిగా చేశారన్న అనుమానం వచ్చింది. ఎవరిని ప్రేమించాలో ఆటగాడే ఎంచుకోవచ్చని చెప్పి, అదనపు భాగంలో బలవంతంగా సంసారం అంటగట్టడంతో 2019లో మళ్లీ క్షమాపణ చెప్పాల్సివచ్చింది. 2020లో ‘వల్హల్లా’ ఇంగ్లండు మీద వైకింగుల దండయాత్రను తీసుకుంది. అమ్మకాల్లో రికార్డు. కానీ ఒక్కో రాజ్యానికి వెళ్లడం, అక్కడి తగువు తీర్చడం, పొత్తు కుదుర్చుకుని ఇంటికి రావడం అనే వరస టీవీ సీరియల్‌లా సాగి, ప్రధాన కథకే అరవై గంటలు పట్టేసరికి ముగింపు చూడకుండా వదిలేసినవాళ్లు ఎందరో.

దానికి జవాబు 2023 నాటి ‘మిరాజ్’. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్, ఒకే నగరం, పదిహేను ఇరవై గంటల కథ, చాటుమాటు హత్యలు. చిన్నది కావాలని అడిగిన పాత అభిమానులు సంతోషించారు. వాళ్లలోనే కొందరు మరీ పలచగా ఉందన్నారు.

చరిత్ర ఎవరిది?

ఇక్కడిదాకా తగువంతా ఆట గురించే. చరిత్ర గురించిన తగువులూ మొదటినుంచీ ఉన్నాయి. ‘యూనిటీ’లో రోబెస్‌పియర్‌ను రాక్షసుడిగా చూపారని ఫ్రెంచి వామపక్ష నాయకుడు జాఁ లుక్ మెలాంషోఁ మండిపడ్డారు. 2018లో ‘ఆరిజిన్స్’కు పోట్లాటలు లేని విహారం జోడించి, పాఠశాలలకు పనికొచ్చేలా 75 పర్యటనలు ఇచ్చినప్పుడు ఉపాధ్యాయులు మెచ్చుకున్నారు. అందులో నగ్న శిల్పాలకు ఆల్చిప్పలు అడ్డంపెట్టడం చూసి ఆటగాళ్లు నవ్వుకున్నారు. మనుషుల్ని పొడిచి చంపే గేమ్‌లో దాచాల్సింది శిల్పాన్నా అని.

‘షాడోస్’తో వివాదం పాకాన పడింది. ఎన్నాళ్లుగానో జపాన్ కావాలని అడిగిన అభిమానులకు 1579 నాటి జపాన్ దక్కింది. ఇగా ప్రాంతపు యువతి నవోయెతో పాటు, ఒదా నొబునాగా కొలువులో నిజంగానే ఉన్న ఆఫ్రికన్ యోధుడు యాసుకెను హీరోగా పెట్టారు. అతను సమురాయ్ అవునా కాదా అన్న వాదన మొదలై, అందులో చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారితోపాటు జాతి ద్వేషం ఉన్నవారూ చేరారు. ప్రచార చిత్రంలో ఒక జపాన్ సాంస్కృతిక బృందపు జెండాను అనుమతి లేకుండా వాడినందుకు సంస్థ క్షమాపణ చెప్పింది. ఆలయంలో వస్తువులు పగలగొట్టే దృశ్యం గురించి జపాన్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. విడుదల రెండుసార్లు వాయిదాపడింది. చివరికి గేమ్ చేతికొచ్చాక మాటలు మారాయి. నవోయె చాటు నడక, రుతువులు మారే అడవులు బాగున్నాయన్నారు. యాసుకె గోడలు సరిగా ఎక్కలేడని, మధ్యలో కథ సాగదీశారని అన్నారు. అంటే, పాత లెక్కకే వచ్చారు.

ఏది నిలిచింది?

పద్ధెనిమిదేళ్ల అభిప్రాయాల్ని వరసగా చూస్తే, కథ మీద, పోరు మీద, నిడివి మీద తీర్పులు ప్రతిసారీ మారాయి. ఊళ్ల మీద తీర్పు ఎన్నడూ మారలేదు. దీనికి ‘యూనిటీ’యే సాక్ష్యం. ఆ గేమ్‌లోని నోత్రదామ్ చర్చి కోసం కరొలీన్ మియూస్ అనే కళాకారిణి రెండేళ్ల దాకా పనిచేశారు. అది నూటికి నూరుపాళ్లు చరిత్ర కాదు. చర్చి మీద కనిపించే సూదిశిఖరం విప్లవం నాటికి లేదు, పంతొమ్మిదో శతాబ్దంలో కట్టింది. అయినా 2019 ఏప్రిల్ 15న ఆ శిఖరం మంటల్లో కూలిపోయినప్పుడు జనానికి గుర్తొచ్చింది తిట్టిపోసిన ఆ గేమే. యూబీసాఫ్ట్ చర్చి మరమ్మతుకు 5 లక్షల యూరోలు ప్రకటించి, పీసీ గేమ్‌ను వారం రోజులు ఉచితంగా ఇచ్చింది. ఒకప్పుడు నవ్వులపాలైన గేమ్‌కు ప్రశంసలు వెల్లువెత్తాయి. ప్యాచులు పడ్డాక ఆడినవాళ్లు, గోడలెక్కే పద్ధతిలో దాన్ని మించింది లేదనడం ఇప్పుడు మామూలైంది.

కాబట్టి ఈ సిరీస్ విషయంలో విడుదల రోజు అభిప్రాయమంత నమ్మరానిది మరొకటి లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కథ కోసమైతే రెండో భాగంతో, సముద్రం కోసమైతే ‘బ్లాక్ ఫ్లాగ్’తో, తీరిక ఉంటే ‘ఆరిజిన్స్’తో, లేకుంటే ‘మిరాజ్’తో మొదలుపెట్టవచ్చు. కొత్త గేమ్ ఏది వచ్చినా ఒక ఆర్నెల్లు ఆగండి. ఈలోగా బగ్గులూ తగ్గుతాయి, ధరా తగ్గుతుంది, ఆవేశాలూ తగ్గుతాయి.