పెథాలజీలో పీజీ: ప్రవేశం, శిక్షణ ఇలా

రొమ్ములో గడ్డతో ఆసుపత్రికి వచ్చిన మహిళకు అది క్యాన్సరా, మామూలు గడ్డా అన్నది తేల్చి చెప్పేది పెథాలజిస్టు. రోగి ఆయన ముఖం చూడకపోవచ్చు గానీ, చికిత్స అంతా ఆయన నివేదికపైనే ఆధారపడి ఉంటుంది. ప్రయోగశాల నివేదికపై పెథాలజీలో పీజీ చేసిన నమోదిత వైద్యుడే సంతకం చేయాలన్న భారత వైద్య మండలి వాదన సరైనదేనని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే జిల్లాల్లో ఈ నిపుణుల అవసరం ఎంతో ఉంది. ఎంబీబీఎస్‌ చదువుతున్నవారు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన వివరాలివి.

అర్హతలు

గుర్తింపు పొందిన కళాశాలలో ఎంబీబీఎస్‌ ఉత్తీర్ణులై, నిర్ణీత తేదీలోగా ఏడాది హౌస్‌సర్జన్సీ పూర్తిచేసి ఉండాలి. వైద్య మండలిలో పేరు నమోదై ఉండటం తప్పనిసరి.

ఎంపిక విధానం

ఎండీ, డీఎన్‌బీ సీట్లను నీట్‌ పీజీ ర్యాంకుల ఆధారంగా భర్తీ చేస్తారు. 2025 పరీక్షలో 200 ప్రశ్నలకు 800 మార్కులు కేటాయించారు. సరైన జవాబుకు 4 మార్కులు కలుపుతారు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత విధిస్తారు. ప్రభుత్వ కళాశాలల్లోని సగం సీట్లు అఖిల భారత కోటా కిందకు వెళ్తాయి. రాష్ట్ర కోటా సీట్లకు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్‌ ఎన్టీఆర్‌ వైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌ నిర్వహిస్తాయి. మంగళగిరి, బీబీనగర్‌ వంటి ఎయిమ్స్‌ సంస్థలకు ఐఎన్‌ఐ-సెట్‌ వేరుగా రాయాలి.

మూడేళ్ల శిక్షణ

శరీరం నుంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో భద్రపరచడం, మైనంలో అమర్చి పలుచని పొరలుగా కోయడం, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చదవడం నేర్పుతారు. సూది పరీక్ష, రక్త పరీక్షలు, రక్తనిధి నిర్వహణ, వ్యాధి కారణాలు తెలిపే శవపరీక్ష కూడా శిక్షణలో భాగమే. రోగి ఆపరేషన్‌ బల్లపై ఉండగానే ముక్కను గడ్డకట్టించి పరీక్షించి, సర్జన్‌కు నిమిషాల్లో ఫలితం చెప్పడం ఇందులో కఠినమైన ఘట్టం.

2023 పీజీ వైద్య విద్యా నిబంధనల ప్రకారం 80 శాతం హాజరు ఉండాలి. పరీక్షలకు ఆరు నెలల ముందే థీసిస్‌ సమర్పించాలి. మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలి. ఆ మూడు నెలలూ జిల్లా రోగులకు ఎంతో ఉపకరిస్తాయి.

ఎండీ తర్వాత

ఆంకోపెథాలజీ, హెమటోపెథాలజీల్లో డీఎం చేయవచ్చు. బోధన వృత్తిలో చేరవచ్చు, సొంతంగా ప్రయోగశాల నెలకొల్పవచ్చు.

ఎంపికకు ముందు

ర్యాంకు చాలక ఈ శాఖలో చేరేవారూ ఉన్నారు. ఇష్టం లేకుండా చేరితే మూడేళ్లూ భారమే. గంటల తరబడి ఒకేచోట కూర్చుని గమనించే ఓపిక, అనుమానం వస్తే మరో నిపుణుడిని అడిగే వినయం ఈ వృత్తికి ముఖ్యం. కళాశాలను ఎంచుకునే ముందు అక్కడ క్యాన్సర్‌ విభాగం, రక్తనిధి ఉన్నాయా, ముక్క పరీక్షలు ఏ మేరకు జరుగుతున్నాయని సీనియర్లను విచారించాలి. ఎక్కువ స్లైడ్లు చూసినవారికే నివేదిక రాయడంలో తడబాటు తగ్గుతుంది.