నాడి నుంచి మెదడు కాండం దాకా

మన పెద్దల కాలంలో మనిషి పోయాడో లేదో తేల్చడానికి నాడి పట్టి చూసేవారు, ముక్కు దగ్గర దూది పెట్టి చూసేవారు. గుండె, ఊపిరి రెండూ ఆగితే మరణం. ఈ లెక్కను మార్చింది ఊపిరి ఆడించే యంత్రం.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, ఊపిరి తీసుకోలేని రోగుల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచీ నొక్కుతూ గాలి పంపే పద్ధతిని డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ ప్రవేశపెట్టారు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులు నొక్కి ఎందరినో బతికించారు. తరువాత ఆ పనిని వెంటిలేటర్లు అందుకున్నాయి. దానితోపాటే కొత్త చిక్కు వచ్చింది. మెదడు పూర్తిగా చచ్చుబడినా, యంత్రం గాలి పంపుతుంటే గుండె కొంతకాలం కొట్టుకుంటూనే ఉంటుంది. 1959లో పారిస్ వైద్యులు మొల్లారే, గులోన్ ఈ స్థితిని వర్ణించి, కోమాను దాటిపోయిన దశ అన్నారు. 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ సంఘం దీనిని గుర్తించే లక్షణాలు ప్రకటించింది. 1976లో బ్రిటన్ వైద్య కళాశాలలు మెదడు కాండాన్నే గీటురాయిగా తీసుకున్నాయి. స్పృహకూ, ఊపిరికీ మూలం అక్కడే ఉంది మరి.

పరీక్షకు ముందు కారణం తెలియాలి. మత్తుమందులు, ఒళ్ళు బాగా చల్లబడడం, రక్తంలో లవణాల తేడాలు కూడా ఇలాంటి స్థితినే కలిగించవచ్చు. కనుక ముందు అవేవీ కావని తేల్చుకోవాలి. ఆ తరువాత కంట్లో వెలుగు వేసి కనుపాప ముడుచుకుంటుందేమో చూస్తారు. నల్లగుడ్డును దూదితో తాకుతారు. చెవిలో మంచునీళ్ళు పోసి కళ్ళు కదులుతాయేమో గమనిస్తారు. ముఖం మీద నొక్కి నొప్పికి స్పందన ఉందేమో, గొంతులో కదిపి దగ్గు వస్తుందేమో పరీక్షిస్తారు. చివరిది ఊపిరి పరీక్ష. ప్రాణవాయువు అందిస్తూనే వెంటిలేటర్ తప్పిస్తారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే, ప్రాణమున్న మెదడు కాండం ఊపిరి తీయించక మానదు. అప్పటికీ ఛాతీ కదలకపోతే ఆ మెదడు కాండం పనిచేయడం లేదన్నమాట. కనీసం 6 గంటలు ఆగి ఇవన్నీ మళ్ళీ చేస్తారు.

మన పార్లమెంటు 1994లో చేసిన అవయవ మార్పిడి చట్టం ఈ మరణాన్ని గుర్తించింది. ఆసుపత్రి బాధ్యుడు, చికిత్స చేసిన డాక్టరు, నరాల నిపుణుడు, మరొక స్వతంత్ర నిపుణుడు, ఈ నలుగురూ సంతకం చేయాలి. అవయవాలు మార్చే బృందంలోనివారు ఇందులో ఉండరాదు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాణ్ణి కనుక ఈ నిబంధన విలువ నాకు బాగా తెలుసు. కోరేవాడూ, మంజూరు చేసేవాడూ ఒకడే కాకూడదు.

కోమా వేరు, ఇది వేరు. కోమాలోని మనిషి తేరుకోవచ్చు. ఇక్కడ తిరిగి రావడం లేదు. అయినా ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది, యంత్రంతో ఛాతీ ఎగసిపడుతుంది. వెన్నుపాము వల్ల ఒక్కోసారి కాలు కూడా కదలవచ్చు. అది చూసి మనసు నమ్మదు. మన వయసువారికి ఐసియు తలుపు దగ్గర నిలబడే రోజు ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడవద్దు. పరీక్షలు రెండుసార్లు జరిగాయా? ఊపిరి పరీక్ష చేశారా? ఎవరెవరు సంతకం చేశారు? అవయవదానం మాట ఇవన్నీ తేలిన తరువాతిది. దానికి సరే అనడమూ, వద్దనడమూ కుటుంబం ఇష్టం. సందేహం తీరినవాళ్ళు ఏ నిర్ణయం తీసుకున్నా, తరువాత కుమిలిపోవలసిన అవసరం ఉండదు.