పింగాణీకి దిక్కు నేర్పిన విద్య

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల జాడ పట్టేందుకు బ్రిటిష్ నౌకాదళం పిలిపించుకున్న శాస్త్రవేత్తల్లో రాబర్ట్ విలియం బాయిల్ ఒకరు. న్యూఫౌండ్‌లాండ్‌లో పుట్టి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్‌లో రూథర్‌ఫర్డ్ శిష్యుడై, ఆల్బర్టాలో భౌతికశాస్త్రం బోధిస్తున్న ఆయన 1916లో ఇంగ్లండ్ చేరారు. ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రవేత్త లాంజెవాన్ చూపిన దారిలో క్వార్ట్జ్ పలకలతో నీటిలోకి అతిధ్వని పంపి, ప్రతిధ్వని పట్టారు. తర్వాత సోనార్ అన్నది ఈ విద్యనే. అయితే ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించే గుణం క్వార్ట్జ్‌కు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. స్ఫటికం అక్షాన్ని పోల్చుకుని, సరైన కోణంలో కోయాలి. ప్రకృతి పెట్టిన దిక్కుకు మనిషే లొంగాలి.

ఇదే గుణమున్న సిరామిక్ ఈ లెక్కను తిరగేసింది. అందులోని కోట్ల రేణువులు తలో దిక్కూ చూస్తూ ఒకదాని ప్రభావాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచితే వాటిలోని విద్యుత్ దిక్కులు చాలావరకు ఒకవైపు మళ్ళుతాయి. క్షేత్రం తీసేశాక కూడా అలాగే ఉంటాయి. కొత్త పదార్థాలు కనిపెట్టడం కన్నా, దిక్కును కోరిన చోట కల్పించుకోవడమే పెద్ద ముందడుగని నా వాదన. దీనికి గట్టి సాక్ష్యం కెనడాలోనే ఉంది. లోహం మీద ద్రావణం పూసి కాల్చే సిరామిక్ పొర కాస్త మందమైతే కుంచించుకుపోయి పగిలేది. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మైకేల్ సేయర్ బృందం 1990లలో ఆ ద్రావణంలో ముందే కాల్చిన సిరామిక్ పొడిని కలిపింది. కుంచించుకుపోయే భాగం తగ్గడంతో పొర పగలకుండా పదుల మైక్రాన్ల మందం దాటింది. బాయిల్ 1929లో చేరిన నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌కే చెందిన బూషర్‌విల్‌లోని సంస్థలో చెంగ్-కుయ్ జెన్, మకికో కొబయాషీ 2000 తర్వాత ఆ మిశ్రమాన్ని నేరుగా లోహ భాగాల మీద స్ప్రే చేసి, కాల్చి, పైనుంచి అధిక వోల్టేజీ సూదితో ఆవేశం కురిపించి దిక్కు నిలిపారు. పొర పూసిన గొట్టం ఎటు వంగితే ఆ దిక్కూ అటే తిరిగి, ప్రతి బిందువు దగ్గరా ఉపరితలానికి నిటారుగా నిలుస్తుంది. ఒకే స్ఫటికం నుంచి కోసిన పలకతో ఇది సాధ్యం కాదు.

ఈ పొరల నిండా సన్నని రంధ్రాలేననీ, గట్టిగా కాల్చిన దిమ్మతో పోలిస్తే వాటి స్పందన బలహీనమనీ అభ్యంతరం ఉంది. నిజమే. కానీ ఆ రంధ్రాలే కంపనాన్ని త్వరగా అణచి, ప్రతిధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా చూస్తాయి. లోహం వేడెక్కి చల్లబడినప్పుడల్లా పొర ఊడిపోకుండా కాపాడతాయి. బాగా వేడెక్కిన గొట్టంపై విడి అతిధ్వని పరికరం పెట్టాలంటే మధ్యలో పూసే జెల్ ఆరిపోతుంది. అంటుకుని ఉన్న పొరకు జెల్ అక్కరే లేదు. బలం ఎంతో ప్రయోగశాల బల్ల మీద కాదు, పనిచేసే చోట కొలవాలి. మనం కల్పించిన దిక్కు వేడికి చెరిగిపోతుందన్నది మరో ఆక్షేపణ. లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే సిరామిక్ విషయంలో అది ఒప్పుకోవలసిందే. సుమారు 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని దిక్కు పోతుంది. ప్రకృతి ఇచ్చిన దిక్కు మాత్రం శాశ్వతమా? 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ నిర్మాణమే మారిపోయి, బాయిల్ వాడుకున్న గుణం మాయమవుతుంది. బూషర్‌విల్ బృందం వేడి పనులకు ఎంచుకున్న బిస్మత్ టైటనేట్‌లో మనిషి నిలిపిన దిక్కుకు హద్దు 675 డిగ్రీల దరిదాపుల్లో ఉంది.